అలీ, ఫ్రేజియర్‌ల మీద పుస్తకం రాస్తానంటున్న అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఆరు నెలలు సెలవు పెట్టి బాక్సింగ్ ఛాంపియన్లు మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల జీవితాలను పక్కపక్కన పెట్టి తెలుగులో పుస్తకం రాయబోతున్నావని మీ నాన్న మొన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి దిగులంతా ఆ ఆరు నెలల జీతం గురించి. నా దిగులు వేరు. క్రీడల పుటకు జీవితమంతా ధారపోసినవాడిని కనుక, మన ఇంటి ఆడపిల్ల బాక్సింగ్ మీద పుస్తకం రాస్తుందని విన్నప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఇద్దరి గురించి నేను కూడా ఒకప్పుడు రాశాను. తప్పుగా రాశాను. ఆ తప్పు నీ చేతిమీదుగా మళ్లీ జరగకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేదీలను రెండు చోట్ల సరిచూసుకో. ఫొటోలు వాడే ముందు అనుమతి తీసుకో. రాత్రంతా ఫోన్ తెర మీద పాత పోటీలు చూస్తూ కళ్లు పాడుచేసుకోకు. ఇవి నీకు తెలిసినవే.

మొదట చేయవలసింది, వాళ్లిద్దరూ తలపడిన మూడు పోటీలనూ శబ్దం పూర్తిగా ఆపేసి చూడడం. 1971 మార్చిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదిహేను రౌండ్లు, 1974 జనవరిలో అక్కడే పన్నెండు, 1975 అక్టోబరు 1న మనీలాలో పద్నాలుగు, మొత్తం నలభై ఒక్క రౌండ్లు. వ్యాఖ్యాత గొంతు వినిపిస్తున్నంతసేపూ నీ కళ్లు అలీ వెంటే పోతాయి, ఎందుకంటే వ్యాఖ్యాత కళ్లు కూడా అలీ మీదే ఉంటాయి. శబ్దం ఆపేశాక ఫ్రేజియర్ కనిపించడం మొదలవుతాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి చాచిన చెయ్యి కిందికి, అతనికన్నా మూడున్నర అంగుళాలు పొట్టివాడు తలను ఊపుతూ, నడుము వంచుతూ ఎలా దూరాడో, ఒక్క దెబ్బ కొట్టగలిగే దూరానికి చేరడానికి ఎన్ని దెబ్బలు తిన్నాడో నీకే అర్థమవుతుంది. మొదటి పోటీ పదిహేనో రౌండులో ఫ్రేజియర్ కొట్టిన లెఫ్ట్ హుక్‌ను, అంటే ఎడమచేతిని వంచి పక్క నుంచి విసిరే దెబ్బను, పదిసార్లు చూడు. పిడికిలి దాదాపు మోకాలి దగ్గర నుంచి లేచి దవడకు తగులుతుంది. అలీ వెల్లకిలా పడుతున్నప్పుడు అతని తెల్లబూట్లకు కట్టిన ఎర్ర కుచ్చులు గాలిలోకి ఎగురుతాయి. ఆ తర్వాత చూడవలసింది అలీ లేవడం. అలాంటి దెబ్బ తిన్న మనిషి అంత వేగంగా లేచి నిలబడడం నేను మరెక్కడా చూడలేదు. ఇద్దరి గొప్పతనమూ ఆ రెండు మూడు క్షణాల్లోనే ఉంది. నీ పుస్తకాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

లెక్కల విషయంలో జాగ్రత్తగా ఉండు. అలీ 56 గెలుపులు, 5 ఓటములు. ఫ్రేజియర్ 32 గెలుపులు, 4 ఓటములు, ఒక డ్రా. ఈ అంకెలను పట్టికలో పెట్టి ఇదిగో తేడా అని చూపిస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఫ్రేజియర్‌ను ఓడించినవాళ్లు ఇద్దరంటే ఇద్దరే, అలీ రెండుసార్లు, జార్జ్ ఫోర్‌మన్ రెండుసార్లు. అలీ చివరి రెండు ఓటములు, అంటే 1980లో లారీ హోమ్స్ చేతిలోనూ 1981లో ట్రెవర్ బెర్బిక్ చేతిలోనూ ఓడినవి, ఎప్పుడో ఆగిపోవలసిన మనిషి ఆగకపోవడం వల్ల వచ్చినవి. ఇక ఫోర్‌మన్ 1973లో కింగ్‌స్టన్‌లో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు, అదే ఫోర్‌మన్‌ను మరుసటి ఏడాది కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండులో పడగొట్టాడు కాబట్టి అలీయే గొప్ప అని తేల్చేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. బాక్సింగ్ అలా కూడికలతో తేలే ఆట కాదు. దూసుకొచ్చేవాడు ఫోర్‌మన్ బలానికి ఎదురుపోయి చిక్కుకున్నాడు, తాళ్లకు ఆనుకుని ఆ బలాన్ని ఖర్చుచేయించినవాడు గెలిచాడు. ఎవరి పద్ధతి ఎవరికి పడదు అన్నది వేరే ప్రశ్న, దానికి ఒక అధ్యాయం కేటాయించు.

కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకో. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని 1967లో నిలబడ్డందుకు అలీ టైటిల్ పోగొట్టుకుని, ఇరవై అయిదో ఏట నుంచి మూడు సంవత్సరాల ఏడు నెలలు రింగుకు దూరమయ్యాడు. ఒక బాక్సర్ ఒంట్లో మెరుపు ఉండే వయసు అది. ఆ మెరుపు తిరిగి రాలేదు. తర్వాత మనం చూసిన అలీ తెలివితోనూ ఓర్పుతోనూ గెలిచిన అలీ. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అతని శిక్షను కొట్టేసింది, కానీ ఆ ఏళ్లను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. అతను చెల్లించిన ఈ మూల్యం ఎంతటిదో తక్కువ చేసి రాయకు. అయితే ఆ ఖాళీలోనే ఫ్రేజియర్ ఛాంపియన్ అయ్యాడు కాబట్టి అతని కిరీటం అరువు తెచ్చుకున్నదని మాత్రం రాయవద్దు. 1970 ఫిబ్రవరిలో అప్పటి మరో ఛాంపియన్ జిమ్మీ ఎల్లిస్‌ను ఓడించి, రెండుగా చీలిన టైటిల్‌ను అతను ఒక్కటి చేశాడు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అలీకి సాయం చేసినవాడు, అతని బాక్సింగ్ లైసెన్సు తిరిగి ఇవ్వాలని మాట్లాడినవాడు కూడా ఫ్రేజియరే.

ఇక నా తప్పు సంగతికి వస్తాను.

1975లో నేను విశాఖపట్నంలో ఉన్నాను. పత్రికలో చేరి రెండేళ్లయింది. మనీలా పోటీ మన గడియారం ప్రకారం ఉదయం ఎనిమిది దాటాక మొదలైంది. మధ్యాహ్నం కాకముందే టెలిప్రింటర్ మీద ఫలితం వచ్చేసింది. మర్నాటి పత్రికకు బోలెడు సమయం ఉంది. నేను అలీ భక్తుణ్ని. అలీ పోటీకి ముందు నెలల తరబడి ఫ్రేజియర్‌ను గొరిల్లా అని పిలిచాడు, మనీలా అన్న మాటతో ప్రాస కలిపి పద్యం కట్టాడు, చిన్న రబ్బరు కోతిబొమ్మను జేబులో పెట్టుకు తిరుగుతూ విలేకరుల ముందు దాన్ని గుద్ది చూపించాడు. అదంతా నాకు చమత్కారంగా తోచింది. ఆ మాటకు తెలుగులో ఇంకా మంచి ప్రాస కుదిరిందని మురిసిపోయి శీర్షికలో పెట్టాను. ఆ శీర్షికను ఇక్కడ మళ్లీ రాయను. రెండు రోజులు టీ దుకాణాల దగ్గర జనం దాన్ని వల్లెవేశారు. ఎవరైనా చదివి నవ్వితే నా ఒళ్లు పులకరించేది.

మూడో రోజు సాయంత్రం ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. రేవులో పనిచేస్తూ, సాయంత్రాలు సముద్రం ఒడ్డున కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పే మనిషి. వెంట పద్నాలుగేళ్ల అబ్బాయి ఉన్నాడు. బాగా నల్లటి పిల్లవాడు, పొడుగాటి చేతులు, పిడికిళ్లకు ఇంకా గుడ్డపీలికలు చుట్టే ఉన్నాయి. పెద్దమనిషి నాలుగు మడతలు పెట్టిన మా పత్రికను నా బల్ల మీద పరిచి, శీర్షిక మీద వేలు పెట్టి, ‘బాబూ, వీణ్ని వీధిలో పిలవడానికి మీరు కొత్త పేరు ఇచ్చారు’ అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ అబ్బాయి నన్ను చూడలేదు, బల్ల అంచునే చూస్తూ నిలబడ్డాడు. నేను ఏమన్నానో తెలుసా? ‘అది అలీ అన్న మాట, నాది కాదు’ అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, పత్రికను మళ్లీ నాలుగు మడతలూ పెట్టి, పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి తీసుకువెళ్లిపోయాడు. ఫ్రేజియర్ గురించి వేరే వ్యాసం రాస్తానని వెనకాల నుంచి అన్నాను. రాయలేదు. నెల తిరగకముందే ఆ అబ్బాయి రావడం మానేశాడని తర్వాత తెలిసింది. తండ్రి పనిలో పెట్టాడని కొందరన్నారు, అదే కారణం కావచ్చు. కానీ ఆ సాయంత్రం నేను వాడి పేరైనా అడగలేదు, తల్లీ.

ఫ్రేజియర్ పిల్లలను కూడా బడిలో తోటివాళ్లు ఆ మాటలతోనే ఏడిపించారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడు ఇంకొక విషయం కూడా అర్థమైంది, దీన్ని నువ్వు తప్పకుండా రాయాలి. అలీ అతన్ని తెల్లవాళ్ల బంటు అన్నాడు, అంకుల్ టామ్ అన్నాడు, అంటే తెల్లవాళ్లకు అణిగిమణిగి ఉండే నల్లవాడని. ఎవరు ఎవరిని అన్నారో చూడు. అలీ తండ్రి లూయీవిల్ నగరంలో సైన్‌బోర్డులు రాసే పెయింటర్. ఉన్నంతలో పిల్లలకు లోటు రాకుండా పెంచిన ఇల్లు. ఫ్రేజియర్ దక్షిణ కరోలినాలోని బ్యూఫోర్ట్ దగ్గర పొలంలో పుట్టిన పన్నెండో బిడ్డ. తండ్రికి ఎడమచెయ్యి లేదు. ఫ్రేజియర్‌కేమో చిన్నప్పుడు పంది తరిమితే పడి విరిగిన ఎడమచెయ్యి సరిగా అతుక్కోక, అది పూర్తిగా చాచడానికి రాకుండా పోయింది. ఆ వంకర చెయ్యే తర్వాత ప్రపంచం భయపడిన లెఫ్ట్ హుక్ అయింది. పదిహేనేళ్ల వయసులో బస్సెక్కి ఉత్తరాదికి పోయి, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేస్తూ, వేలాడదీసిన మాంసం మీద పిడికిళ్లు సాధన చేసి, విరిగిన బొటనవేలితో 1964 టోక్యో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అలాంటివాణ్ని బంటు అంటే ఆ దేశంలో సగం మంది నమ్మారు, ఇక్కడ నాలాంటివాళ్లు దాన్ని తెలుగులోకి దించారు.

అలీని దోషిగా నిలబెట్టమని నేను చెప్పడం లేదు. 1980లో అలీ మద్రాసు వచ్చినప్పుడు రైలెక్కి వెళ్లి నెహ్రూ స్టేడియంలో చూశాను. జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. నడుము లావెక్కింది, కాళ్లలో పాత ఆట లేదు. అయినా చెయ్యెత్తి నవ్వితే స్టేడియమంతా లేచి నిలబడింది, నేనూ నిలబడ్డాను. ఆ మనిషిని ప్రేమించకుండా ఉండడం నా చేత కాలేదు, ఇప్పటికీ కాదు. అందుకే నీకు చెబుతున్నాను. నువ్వు కూడా చిన్నప్పటి నుంచి అలీ బొమ్మ గోడకు అంటించుకున్నదానివి. ప్రేమించినవాడి మాట మనకు ముద్దుగానే వినిపిస్తుంది. ఆ మాట తగిలిన మనిషి వైపు నిలబడి ఒక్కసారి విని, ఆ తర్వాతే కాగితం మీద పెట్టు.

మనీలా అధ్యాయం రాసేటప్పుడు తొందరపడవద్దు. ఫ్రేజియర్ ఎడమకంటి చూపు ఎన్నో ఏళ్లుగా దెబ్బతిని ఉంది. ఆ సంగతి దాచి ఆడాడు. మనీలాలో కుడికన్ను వాచి మూసుకుపోయాక అలీ కుడిచెయ్యి అతనికి కనిపించడమే లేదు. పద్నాలుగో రౌండు తర్వాత శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు, ఫ్రేజియర్ ఆడతానన్నాడు. రింగులో మనుషులు చనిపోవడం కళ్లారా చూసిన ఫచ్ ఆ బిడ్డను లేవనివ్వలేదు. పాయింట్లు వేసే ముగ్గురి కార్డుల్లోనూ అలీయే ముందున్నాడు. ఆ గెలిచినవాడు కూడా లేచి నిలబడి మరుక్షణం కూలబడ్డాడు, అది చావుకు దగ్గరగా వెళ్లి రావడం లాంటిదని చెప్పాడు. నాకు ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఎదుటి మనిషి మసకగా కనిపించడం ఎలా ఉంటుందో తెలిశాక, ఆ పదమూడో, పద్నాలుగో రౌండ్లు నేను మళ్లీ చూడలేకపోయాను. నువ్వు చూడక తప్పదు. పగటిపూట చూడు, మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూడు.

వాళ్లు మిగిల్చి వెళ్లినదాన్ని పోల్చేటప్పుడు రింగు బయటి సంగతులు తేల్చడమే కష్టం. 1996లో అట్లాంటాలో వణుకుతున్న చేత్తో అలీ ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తే ప్రపంచం కన్నీళ్లు పెట్టుకుంది. ఫ్రేజియర్ మాత్రం, తనైతే అతన్ని ఆ మంటలోకే తోసేవాణ్నని అన్నాడు. ఆ మాటను దాచవద్దు, దాన్ని చూపించి అతన్ని దుర్మార్గుణ్ని చేయనూ వద్దు; ఇరవై అయిదేళ్లు మానని పుండు మాట్లాడిన మాట అది. 2001లో అలీ పత్రికాముఖంగా క్షమాపణ చెప్పాడు. 2011 నవంబరులో కాలేయ క్యాన్సర్‌తో ఫ్రేజియర్ పోతే, నిలబడే శక్తి లేని అలీ అంత్యక్రియలకు వెళ్లి, లేచి చప్పట్లు కొట్టాడు. ఇంకొకటి కూడా రాయి. ఫ్రేజియర్ బతికినంత కాలం ఫిలడెల్ఫియా నగరం ఒక సినిమా బాక్సర్‌కు విగ్రహం పెట్టుకుంది గానీ తన సొంత ఛాంపియన్‌కు పెట్టలేదు. అతని విగ్రహం 2015లో లేచింది. బ్రాడ్ స్ట్రీట్‌లో అతను పిల్లలకు నేర్పిన జిమ్ అప్పటికే ఫర్నిచర్ దుకాణమైంది.

అతను పోయిన రోజు నేను 1975లో మాట ఇచ్చిన వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. స్థలం లేదని నాలుగు వాక్యాలు వేసి, పక్కన అలీ ఫొటో పెట్టారు. మిగతాది నా దగ్గరే ఉంది.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, జీతం సంగతి నువ్వు పట్టించుకోకు. వేళకు తిను. మనీలా అధ్యాయం పూర్తయ్యాక పెద్ద అక్షరాలతో అచ్చు తీసి నాకు పంపు, ఎర్రసిరా కలం సిద్ధంగా పెట్టుకుంటాను. సంక్రాంతికి వచ్చినప్పుడు బీరువా కింది అరలోని అట్టపెట్టె తీసుకువెళ్లు. కత్తిరింపులన్నీ సంవత్సరాల వారీగా కట్టలు కట్టాను. 1975 కట్టలో పైనే నా శీర్షిక ఉంటుంది, దాన్ని నేను తీసెయ్యలేదు. ముందు అది చదువు.

ఇట్లు
నీ పెదనాన్న