మేలో కాన్పు, ఇద్దరమ్మలు, రెండు గదుల ఇల్లు

ప్రశ్న: మేమిద్దరం గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నాకు ఏడో నెల. మే మధ్యలో డేట్ ఇచ్చారు. ఈమధ్య పరీక్షలో షుగర్ కనిపించింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని ఖమ్మంలో ఉన్న అమ్మ పట్టు. మాతోనే ఉండే అత్తగారు ఇక్కడే అంటున్నారు. మా ఆయనేమో ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అని తప్పుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బిడ్డకి ఏమేం కొనాలో, ఇంట్లో ఎవరిని ఎలా సర్దాలో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి, మియాపూర్

జవాబు: షుగర్ కనిపించిన రోజే కాన్పు ఎక్కడన్న గొడవ చాలావరకు తేలిపోయింది. గర్భంతో వచ్చే షుగర్ అదుపులో లేకపోతే కడుపులో బిడ్డ బరువు ఎక్కువ పెరగొచ్చు. పుట్టిన కొద్ది గంటల్లో బిడ్డ రక్తంలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే మొదటి రోజు బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి పలుమార్లు చూస్తారు. మీ రీడింగులన్నీ మొదటినుంచీ చూస్తున్న డాక్టర్ దగ్గరే, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే పురుడు పోసుకోండి. ఖమ్మంలో మంచి ఆసుపత్రులు లేవని కాదు, నెలలు నిండేవేళ ఫైలు చేతులు మారకూడదని. ఈ మాట మీరు చెబితే ‘అత్తగారు నేర్పించారు’ అనుకునే ప్రమాదం ఉంది. వచ్చే చెకప్‌కి అమ్మను రప్పించి, డాక్టర్ నోటనే చెప్పించండి.

అమ్మ ముచ్చట మాత్రం పోనక్కర్లేదు. జూన్ చివరికి బిడ్డకు ఆరు వారాలు నిండుతాయి. పెంటావాలెంట్, పోలియో వంటి టీకాలు వేయించి, ఒకటి రెండు రోజులు జ్వరం చూసుకుని, ఎండలూ తగ్గుతాయి కాబట్టి పొద్దున్నే ఖమ్మం బయల్దేరండి. పదో వారం టీకా అక్కడే వేయించవచ్చు, కార్డు మరిచిపోకండి. వెళ్లేలోపు మీరు కూడా 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య చేయాల్సిన ఈ పరీక్షను చాలామంది బాలింతలు బిడ్డ హడావుడిలో వదిలేస్తారు.

ఇక అసలు సమస్య, రాత్రిళ్లు. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పాలివ్వడం, తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, మళ్లీ పడుకోబెట్టడం కలిపి ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. ఇదంతా ఒక్క మనిషి చేస్తే వారం తిరక్కుండానే కుప్పకూలుతుంది. పాలివ్వడం ఒక్కటే మీ పని, మిగతాది పంచాలి. రాత్రి పది నుంచి రెండింటి దాకా మీ ఆయన. బిడ్డను మీ చేతికందించడం, తేన్పు, గుడ్డ, అన్నీ ఆయనవే. అత్తగారు ఎలాగూ తెల్లవారుజామునే లేచే మనిషైతే, నాలుగింటికి పాలివ్వగానే బిడ్డను ఆమె గదికి చేర్చి, మీరు మళ్లీ పాలవేళ దాకా కళ్లు మూసుకోండి. అమ్మను మొదటి పదిహేను రోజులు పిలవండి. కానీ ఆ మోకాళ్లతో ఆమెకు మెట్ల పని, వంగే పని పెట్టకండి. బిడ్డను ఒళ్లో ఉంచుకోవడం, మీకు వేళకు తినిపించడం చాలు. పనిమనిషికి మే, జూన్ నెలలకు అదనంగా ఒక గంట ఇప్పుడే మాట్లాడుకోండి.

ఈ ఏర్పాటు అత్తగారికి చెప్పాల్సింది మీ ఆయన, మీరు కాదు. ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అనేది పెద్దమనిషి తరహా కాదు, పని తప్పించుకోవడం. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవు ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. కంపెనీ ఇచ్చే నాలుగు రోజులూ ఆసుపత్రి కారిడార్‌లో ఖర్చు పెట్టకుండా, సగం మీ అమ్మ ఖమ్మం వెళ్లిపోయే వారానికి దాచమనండి. ఇల్లు వెలితిగా ఉండేది అప్పుడే.

పెద్దవాళ్లతో పేచీ వచ్చేవి నాకు తెలిసి కొన్నే. తేనె నాకించడం, వస అరగదీసి పెట్టడం, ముక్కులో చెవుల్లో నూనె, కంట్లో కాటుక, గది నిండా సాంబ్రాణి పొగ, బొడ్డుకు పసుపు లేక నూనె, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు. ఇవన్నీ వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఏడాది లోపు పిల్లలకు ప్రమాదకరం. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు, మండుటెండల్లోనూ. బొడ్డును పొడిగా వదిలేస్తే ఒకటి రెండు వారాల్లో రాలిపోతుంది. తలకు దిండు లేకుండా పిల్లను వెల్లకిలా పడుకోబెట్టాలి. తల ఆకారం కోసం పడుకోబెట్టే దిశ మారుస్తుంటే చాలు. వీటిని డిశ్చార్జి రోజున పిల్లల డాక్టర్‌తో చీటీ మీద రాయించి ఫ్రిజ్‌కు అంటించండి. కోడలి మాట కంటే కాగితానికి విలువెక్కువ. పథ్యంలో వెల్లుల్లి కారం, తలకు గుడ్డ కట్టడం, బొడ్డు ఊడాక మెత్తటి చేతులతో నూనె మర్దన, ఇవి పోరాడాల్సినవి కావు, ఒప్పేసుకోండి. బాలింతకు నీళ్లు తగ్గించడం మాత్రం ఒప్పుకోవద్దు. దాహమేసినప్పుడల్లా తాగాల్సిందే.

సామాను గురించి. ఖరీదైన తొట్టె కంటే మే నెలలో మీకు నీళ్లు ముఖ్యం. బోర్లు తగ్గి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే రోజులవి. గుడ్డలేమో రోజుకు డజను ఉతకాలి. ట్యాంకర్ ఏర్పాటు గురించి అపార్ట్‌మెంట్ వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి, మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టుకోండి. ఏసీ సర్వీసు ఏప్రిల్‌లోనే అయిపోవాలి. బిడ్డ మీదికి నేరుగా గాలి రాకుండా 26 దగ్గర ఉంచవచ్చు. కరెంటు పోతే ఫ్యాన్ తిరిగేలా ఇన్వర్టర్ ఉంటే మంచిది. పాత నూలు చీరలు, పంచెలు కత్తిరించి పాతిక గుడ్డలు, ఆరేడు ముందు ముడివేసే జుబ్బాలు, నాలుగు రబ్బరు షీట్లు, దోమతెర, డిజిటల్ థర్మామీటర్ చాలు. అన్నీ ఒకసారి ఉతికి ఎండబెట్టండి. న్యూబార్న్ సైజు డైపర్లు ఒక్క ప్యాకెట్ కొనండి, వారాల్లోనే చిన్నవైపోతాయి. బిడ్డ పడుకునే చోటు మీ గదిలోనే, గట్టి పరుపు మీద, మీ మంచం పక్కనే విడిగా. బొమ్మలు, దిండ్లు అందులో వద్దు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే క్రోసిన్ డ్రాప్స్ కోసం వెతక్కండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలల లోపు పిల్లకు అది ఆగాల్సిన జ్వరం కాదు.

కాన్పయ్యాక కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే, పది పదిహేను రోజుల్లో తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డను చూడాలనిపించకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ‘దిష్టి తగిలింది’ అనుకుని ఊరుకోకండి. డాక్టర్‌కు చెప్పండి. టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆఫీసులో ఈ వారమే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. చట్టం ఇచ్చే 26 వారాల జీతంతో కూడిన సెలవులో డేట్‌కు ముందు 8 వారాలదాకా వాడుకోవచ్చు. ఆరోగ్యం అనుకూలిస్తే రెండు మూడు వారాలే ముందు వాడి, మిగతాది బిడ్డకు ఉంచండి. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థకు క్రెష్ (పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, మీ ఆఫీసుకు ఎక్కడుందో అడగండి. బీమాలో బిడ్డ పేరు చేర్చడానికి ఎన్ని రోజుల గడువో, మీ ఆసుపత్రిలో క్యాష్‌లెస్ ఉందో హెచ్‌ఆర్‌తో మెయిల్‌లోనే రాయించుకోండి. పుట్టుక నమోదు 21 రోజుల్లోపు జరగాలి, వివరాలు ఆసుపత్రే పంపుతుంది. వాళ్లిచ్చే ఫారంలో మీ ఇద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయండి. బిడ్డ పేరు తర్వాత చేర్చవచ్చు కాబట్టి బారసాల దాకా తొందరపడక్కర్లేదు.