యూజర్‌ను వెతికే టూల్‌కు ఒక్క వాక్యం వివరణ చాలదా?

మీరు అడిగింది ఇది: "క్లౌడ్ ఖాతాలు చూసుకునే ఏఐ ఏజెంటుకు గెట్ యూజర్ అనే టూల్ ఇచ్చాం. 'యూజర్ వివరాలు ఇస్తుంది' అని వివరణ రాశాం. ఇంకా ఏమైనా రాయాలా?"

రాయాలి. టూల్ అంటే ఏజెంటు పని కోసం పిలుచుకునే చిన్న ప్రోగ్రాము, దాన్ని ఎలా వాడాలో ఏజెంటుకు తెలిసేది ఈ వివరణ చదివే. నేనూ సరిగ్గా అదే వాక్యం రాసి గుంటూరు వాళ్ల చేత చీవాట్లు తిన్నాను.

మాది విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతాం, అంతా అమెజాన్ క్లౌడ్ మీదే. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ గదిలో ఉన్నాయో రాత్రికి రాత్రి జాబితా తయారై, తెల్లవారేసరికి గుమస్తా చేతికి అందాలి. ఒకసారి వాడకంలో లేని యూజర్లను చూసి వాళ్ల యాక్సెస్ కీలు (పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రాములు వాడే రహస్య సంకేతాలు) ఆపేయమని ఏజెంటుకు చెప్పాం. అది గెట్ యూజర్‌తో ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. ఒక యూజర్ దగ్గర పాస్‌వర్డ్ చివరిసారి వాడిన తేదీ కనిపించలేదు. తేదీ లేదంటే వాడకం లేదనుకుని కీ ఆపేసింది. తీరా చూస్తే ఆ యూజర్ మనిషే కాదు, జాబితా తయారు చేసే మా ప్రోగ్రాము. దానికి పాస్‌వర్డ్ ఏనాడూ లేదు, పనంతా కీతోనే. పొద్దున ఆరింటికి గుమస్తా ఫోను చేశాడు. "ఏమండీ, లారీ వచ్చి నిలబడింది. సరుకు ఏ గదిలో ఉందో మీ కంప్యూటర్ చెప్పదేం?" కీని తిరిగి పనిచేయించడానికి నిమిషం పట్టింది. మాటలు పడటానికి గంట పట్టింది.

ఏజెంటును తిట్టి లాభం లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే ఏమనుకోవాలో నేను చెప్పనే లేదు. అసలు పాస్‌వర్డ్ లేకపోయినా అది ఖాళీయే. అమెజాన్ ఆ తేదీని నమోదు చేయడం మొదలుపెట్టిన 2014 అక్టోబరు 20 నుంచి ఒక్కసారీ పాస్‌వర్డ్ వాడకపోయినా ఖాళీయే. కీ చివరిసారి ఎప్పుడు వాడారన్నది గెట్ యూజర్ చెప్పదు, దాన్ని విడిగా అడగాలి. కొత్తగా చేరిన కుర్రవాడైతే కుర్చీ ఇటు తిప్పి "సార్, ఇది ఖాళీగా ఉందేమిటి?" అంటాడు. ఏజెంటుకు వివరణలో రాసిందే లోకం, మిగతాది ఊహ.

రెండో గుంట పేరు దగ్గర ఉంది. యూజర్ పేరు ఇవ్వకుండా గెట్ యూజర్‌ను పిలిస్తే, ఆ పిలుపు ఏ యూజర్ కీతో వెళ్లిందో ఆ యూజర్ వివరాలే తిరిగి వస్తాయి. అంటే మీ ఏజెంటు సొంత యూజర్ కీతో నడుస్తుంటే, అద్దంలో తన ముఖం తానే చూసుకుని మనిషి దొరికాడంటుంది. అందుకే మా టూల్‌లో పేరు తప్పనిసరి చేసేశాం.

ఇక మన పేర్ల సంగతి. గుంటూరు వైపు వీధికో కోటేశ్వరరావు ఉంటాడు. లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు. శ్రీనివాస్‌కు ఎన్ని స్పెల్లింగులో లెక్కే లేదు. అడిగిన పేరు దొరక్కపోతే అక్షరం అటూ ఇటూ మార్చి ప్రయత్నించాలని ఏజెంటుకు మహా ఉబలాటం. అలా దొరికేది ఇంకెవరో. అందుకని ఉద్యోగి సంఖ్యను ట్యాగులో, అంటే యూజర్‌కు తగిలించే చీటీలో పెట్టి, దాన్ని సరిపోల్చమని రాశాం. ఇక్కడ ఇంకో చిక్కుంది: యూజర్లందరినీ ఇచ్చే జాబితా పిలుపులో ట్యాగులు రావు, గెట్ యూజర్‌లోనే వస్తాయి. పైగా ఆ జాబితా మామూలుగా వందమంది చొప్పునే వస్తుంది. మొదటి వందలో లేరంటే ఖాతాలోనే లేరని కాదు.

మా వివరణ ఇప్పుడు దాదాపు ఇలా ఉంది: "పేరు కచ్చితంగా తెలిసిన ఒక యూజర్ వివరాలు, ట్యాగులు ఇస్తుంది. పేరు తెలియకపోతే ముందు జాబితా టూల్ వాడి చివరి పేజీ వరకూ చూడు. యూజర్ లేడని వస్తే దగ్గరి పేర్లు ప్రయత్నించకు, అడిగిన మనిషినే మళ్లీ అడుగు. అనుమతి లేదని వస్తే యూజర్ లేడని అర్థం కాదు. పాస్‌వర్డ్ తేదీ ఖాళీగా ఉందని యూజర్ వాడకంలో లేడని తేల్చకు, కీల వాడకం వేరే టూల్‌తో చూడు."

టూల్‌ను ఎంసీపీ (ఏజెంట్లకు టూల్స్ అందించే ఉమ్మడి పద్ధతి) ద్వారా ఇస్తుంటే, ఇది చదవడమే తప్ప దేన్నీ మార్చదని సూచించే గుర్తు ఒకటుంది. పెట్టండి, కానీ దాన్ని చూసుకుని ధీమా పడకండి. మా కొంప ముంచిన టూల్ కూడా చదివేదే. ఆపిన టూల్ వేరు, ఆపమని నమ్మించింది ఇది.

మీ టూల్‌లో పేరు తప్పనిసరా, ఇవ్వకపోయినా నడుస్తుందా? అది చెబితే మీ వివరణ ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.