కథ రాయడం నేర్పే పుస్తకాలు: ఏవి అచ్చులో కొనాలి, ఏవి ఫోన్‌లో చదవొచ్చు

కథలు రాయడం నేర్చుకోవడానికి ఏ పుస్తకాలు చదవాలి, వాటిని అచ్చులో కొనాలా, ఈబుక్స్ సరిపోతాయా అని అడిగారు. ఆమదాలవలసలో ఉంటామని, పుస్తకాలకి ఎక్కువ ఖర్చు పెట్టలేమని కూడా అన్నారు. నేను విజయనగరంలో ఉంటాను, కథలు రాస్తాను, ఇలాంటి పుస్తకాలు రెండు రకాలుగానూ చదువుతుంటాను. నా మటుకు నాకు తేలిందేమిటంటే, పక్కన పెట్టుకుని పని చేయాల్సిన పుస్తకం కాగితం మీదే ఉండాలి. ఒకసారి చదివి ఊపు తెచ్చుకునే పుస్తకానికి ఫోన్ చాలు.

తెలుగులో ఒక్కటే కొనగలిగితే వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి ‘కథాశిల్పం’ కొనండి. 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. నిజానికి అది విమర్శ, ‘ఇలా రాయండి’ అని ఎక్కడా పాఠం చెప్పదు. కథలో ఏ భాగం ఏ పని చేస్తుందో విప్పి చూపిస్తుంది. రాసేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? నవల మీద మనసుంటే ఆయనదే ‘నవలాశిల్పం’ ఉంది, కానీ ముందు ఇది.

దీన్ని అచ్చులోనే కొనమనడానికి కారణం ఉంది. ఏకబిగిన చదివితే ఈ పుస్తకం బుర్రకెక్కదు. దృష్టికోణం గురించి, అంటే కథ ఎవరి వైపు నుంచి నడుస్తుందన్న దాని గురించి కాస్త చదువుతాం, ఆపుతాం, ఒక కథ తీసి అందులో అది ఎలా పనిచేసిందో చూస్తాం, మళ్లీ వెనక్కి వస్తాం. నా కాపీలో మార్జిన్ల నిండా పెన్సిల్‌తో రాసుకున్న కథల పేర్లే. ఎక్కడ ఏం రాసుకున్నానో పేజీ తిప్పుతుంటే చెయ్యే వెతికి పెడుతుంది. ఫోన్‌లో ఆ సుఖం నాకు దొరకలేదు.

గురజాడ ‘దిద్దుబాటు’నే చూడండి. 1910లో వచ్చిన కథ. ‘తలుపు! తలుపు!’ అన్న పిలుపుతో మొదలవుతుంది. రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చిన గోపాలరావు పిలుస్తుంటే లోపల్నుంచి పలుకు లేదు. అక్కణ్నుంచి గురజాడ మనల్ని ఆ మనిషి పక్కనే నిలబెడతాడు. అతనికి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. భార్య కమలిని రాసిపెట్టిన ఉత్తరం అతనితోపాటే చదువుతాం, అతనితోపాటే కంగారుపడతాం. చివర్లో మంచం కింద నుంచి నవ్వు వినబడేదాకా ఆవిడ ఇంట్లోనే ఉందని మనకీ తెలియదు. ఇప్పుడు ఇదే కథని కమలిని వైపు నుంచి ఒక పేజీ రాసి చూడండి. మంచం కింద దాక్కున్న మనిషే కథ చెబితే ఆ ఉత్తరానికి బరువుండదు, చివరి నవ్వుకి పనే ఉండదు. నౌకరు రాముడి వైపు నుంచి రాస్తే పూర్తిగా ఇంకో కథ అవుతుంది. దృష్టికోణం మీద ఎన్ని పేజీలు చదివినా రాని సంగతి ఈ ఒక్క పేజీ రాస్తే వంటబడుతుంది.

ఇలా పని చేయాలంటే పాఠం, కథ రెండూ ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. అందుకే నేను పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెట్టుకుని, కథని ఫోన్‌లో తీస్తాను. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మీ శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథల లైబ్రరీ కథానిలయానికి వెబ్‌సైట్ కూడా ఉంది. పాత పత్రికల్లో వచ్చిన వేల కథలు అందులో పేజీలకి పేజీలే స్కాన్ చేసి పెట్టారు. రచయిత పేరుతో వెతుక్కోవచ్చు. పైసా ఖర్చు లేదు. మీ బడ్జెట్‌లో సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఇంగ్లిష్ పుస్తకాల విషయానికొస్తే నా మాట మారుతుంది. వాటిని ఈబుక్‌గానే కొనండి. నాలా తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకి ఇంగ్లిష్ పుస్తకంలో మాటిమాటికీ డిక్షనరీ తీయడమే పెద్ద టెన్షన్. ఈబుక్స్ చదివే అమెజాన్ వాళ్ల కిండిల్ యాప్‌లో మాట మీద వేలు నొక్కి పడితే అర్థం అక్కడే వస్తుంది, చదివే ధార తెగదు. విడిగా మెషిన్ కొనక్కర్లేదు, ఫోన్‌లో యాప్ ఉచితమే. కొనే ముందు శాంపిల్ దించుకుని కొన్ని పేజీలు చదవండి.

అందులో అమెరికన్ నవలా రచయిత స్టీఫెన్ కింగ్ ‘ఆన్ రైటింగ్’ 2000లో వచ్చింది. మొదటి భాగం ఆయన జీవితకథే, హాయిగా సాగిపోతుంది. రాయాలన్న కోరిక పుట్టిస్తుంది. ఒకసారి చదివితే సరి. మరో అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ ‘స్టీరింగ్ ద క్రాఫ్ట్’ అలా కాదు, దాని నిండా అభ్యాసాలే. విశేషణాలు, క్రియావిశేషణాలు ఒక్కటి కూడా వాడకుండా ఒక దృశ్యం రాయమంటుంది ఒకచోట. తెలుగులో ప్రయత్నించండి. ‘అందమైన’, ‘మెల్లగా’ లాంటివన్నీ చేజారిపోయాక, సరైన నామవాచకం, సరైన క్రియ వెతుక్కోక తప్పదు. దీన్ని ఈబుక్‌గా కొన్నా అభ్యాసాలు మాత్రం నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోండి. 2015లో ఆవిడే సవరించిన ప్రతి వచ్చింది, అది తీసుకోండి.

ఈబుక్ కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. అక్షరం సైజు పెంచితే వాక్యం స్క్రీన్‌కి తగ్గట్టు సర్దుకునే పుస్తకం వేరు, పేజీల ఫొటోలు కుట్టిన పీడీఎఫ్ వేరు. రెండోదాంట్లో పేజీని పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి, మాట కోసం వెతికితే దొరకదు, పాత అచ్చు అయితే ఒత్తులు అలుక్కుపోయి కనిపిస్తాయి. నాలుగు పేజీల కథకైతే ఓర్చుకోవచ్చు. రెండు వందల పేజీల శిల్పం పుస్తకాన్ని చిన్న ఫోన్‌లో అలా చదవమని నేను ఎవరికీ చెప్పను.

కాబట్టి ముందు ‘కథాశిల్పం’ కొనుక్కుని కనీసం ఆర్నెల్లు దానితోనే గడపండి. ఈలోగా ఒకరోజు బస్సెక్కి కథానిలయానికి వెళ్లండి, ఆమదాలవలస నుంచి ఎంత దూరమని! అక్కడ కారా మాస్టారి ‘కథాకథనం’ అడగండి. కథ రాయడం గురించి ఒక గొప్ప కథకుడు తెలుగులో మనతో మాట్లాడిన పుస్తకం అది. చాసో (చాగంటి సోమయాజులు) కథల సంపుటి కూడా అడిగి తీసుకుని, ‘ఎంపు’లో ముష్టివాళ్ల మాటలు ఎలా నడిపాడో ఒక పేజీ మీ నోట్‌బుక్‌లోకి చేత్తో ఎత్తి రాసుకోండి. పెన్సిల్ పట్టుకెళ్లండి, కానీ గీతలు మీ నోట్‌బుక్‌లోనే గీయండి.