శ్రీలంక శాంతి సేనలో చేసిన మీ మేనమామ ఎందుకు మాట్లాడరంటే

మీ మేనమామగారు మన సైన్యం పంపిన శాంతి సేనతో శ్రీలంక వెళ్ళొచ్చారని, ఇంట్లో ఎవరు కదిపినా "ఏముందిలే" అని లేచి వెళ్ళిపోతారని రాశారు. అక్కడ ఏం జరిగిందో ఆ సేనలో ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. నేను అప్పుడు సప్లై కోర్‌లో, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే విభాగంలో, డ్రైవర్ని. ఆయన ఏం చూశారో నాకు తెలీదు, నేను చూసింది చెప్తాను.

మాది నగరి, మగ్గం ఇల్లు. ఇంట్లో తెలుగు, బజారుకెళితే అరవం. మా కంపెనీలో చాలామంది ఉత్తరాది వాళ్ళు. అరవం వచ్చినవాణ్ణి కాబట్టి, బండి నడపని వేళ నన్ను చెక్‌పోస్టు దగ్గర మాట్లాడ్డానికి నిలబెట్టేవాళ్ళు.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. మర్నాడే సికింద్రాబాద్ 54వ డివిజన్ జవాన్లు లంక ఉత్తరాన తమిళులుండే జాఫ్నా దగ్గర పలాలి ఎయిర్‌ఫీల్డులో దిగడం మొదలైంది. లంక సైన్యానికీ, అక్కడి తమిళులకి వేరే దేశం కావాలని పోరాడే ఎల్టీటీఈ పులులకూ నడుమ నిలబడాలి, పులులు ఆయుధాలు ఇస్తే తీసుకోవాలి. మాకు చెప్పింది అంతే. యుద్ధమన్న మాటే లేదు. జనం కూడా మొదట దండలు వేసి పిలుచుకున్నారు.

చెక్‌పోస్టు పక్క ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది. తాటాకు దడి, లోపల బావి. నీళ్ళకి వెళితే ఏ ఊరు తంబీ అని అడిగింది. వాళ్ళ అరవం మాది కాదు, సగం అర్థమయ్యేది. తిరుత్తణి పక్కన అన్నాను. మురుగన్ ఊరి పిల్లోడా అని చేద తనే లాగి నీళ్ళు పోసింది. వాళ్ళకి జాఫ్నాలోని నల్లూరు మురుగన్ అంటే ప్రాణం. ఆ నల్లూరు గుడి దగ్గరే పులుల నాయకుల్లో ఒకడైన తిలీపన్ మంచినీళ్ళు కూడా ముట్టకుండా దీక్ష చేసి సెప్టెంబర్ 26న చనిపోయాడు. అక్టోబర్ మొదట్లో లంక నేవీకి చిక్కిన పులుల్లో 12 మంది పలాలిలోనే సైనైడ్ మింగి పోయారు. ఆ వారంలోనే పులుల చేతిలోంచి జాఫ్నాని తీసుకోవడానికి మన సైన్యం దాడి, ఆపరేషన్ పవన్, మొదలైంది. మళ్ళీ ఆ ఇంటికి నీళ్ళకి వెళితే ముసలావిడ తలుపు తీయలేదు. లోపల ఉందని తెలుస్తూనే ఉంది. ఆమెది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు.

ఆ నెల మాత్రం ఘోరం. జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో రాత్రిపూట హెలికాప్టర్ల నుంచి దిగిన 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ వాళ్ళు 30 మందిలో ఒక్కడే బతికి బయటపడ్డాడు. అక్టోబర్ 21న జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పులకి డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. నేను ఆ రెండు చోట్లా లేను. కానీ ఒకటి చెప్పి రెండోది దాస్తే మీకు సగమే చెప్పినట్టు.

మా డ్రైవర్ల సంగతి వేరు. మాకు శత్రువు కనిపించడు, రోడ్డే కనిపిస్తుంది. తెల్లారగట్లే రోడ్ ఓపెనింగ్ పార్టీ నడుచుకుంటూ ముందు వెళ్ళేది. వైర్లున్నాయా, రోడ్డంచున మట్టి కొత్తగా తవ్వినట్టుందా, కల్వర్టు కింద ఏమైనా పెట్టారా అని చూసుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళు సరే అన్నాకే మా శక్తిమాన్ లారీలు కదిలేవి. కాళ్ళ కింద ఇసుక బస్తాలు. ముందు బండి చక్రాల జాడలోనే మన చక్రాలు పోవాలి. బండికీ బండికీ మధ్య ఎడం ఉండాలి, ఒకటి పేలితే రెండోది మిగలాలని. అయినా పేలేవి. ఎక్కడో తాటితోపులో కూర్చుని వైరు కలిపేవాడికి ఏ బండి కావాలంటే ఆ బండే.

కర్నూలు వైపు కుర్రాడొకడు ఉండేవాడు. రాయడం అంతగా రాదు, వాళ్ళమ్మకి ఉత్తరాలు నా చేతే రాయించేవాడు. ఒకరోజు నా ముందు పోయేది వాడి బండి. పేలాక ఇంజను ఒక దిక్కు, బాడీ ఒక దిక్కు పడ్డాయి. ముందు రాత్రి వాడు చెప్పగా రాసిన ఇన్‌లాండు నా జేబులోనే ఉంది. పోస్టు చేయాలా వద్దా అని సూబేదార్ సాబ్‌ని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, వెయ్యి, అది ఆ తల్లిది అన్నారు.

లీవు దొరికినప్పుడు ఆ ఊరు వెళ్ళాను. నేనెవరో చెప్పగానే ఆమె, "ఆ పొద్దు అన్నం తిన్యాడా నాయనా?" అని ఒక్కటే అడిగింది. తిన్నాడమ్మా అన్నాను. నిజంగానే తిన్నాడు, లంగరులో, అంటే మా వంటశాలలో, నా పక్కనే కూర్చుని పూరీలు. అక్కడే ఉత్తరం చూపించారు, టెలిగ్రాం వచ్చాక చేరిందట.

మా ఆఖరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి బయల్దేరింది. మద్రాసులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. సాటి తమిళుల్ని చంపి వచ్చిన సైన్యమని అక్కడ చాలామంది కోపం. ఇక్కడ మనవాళ్ళకేమో అసలు పట్టలేదు. దాదాపు 1,200 మంది చనిపోయిన పని అది. మా వీధిలో ఒకాయన, "లంకలో బంగారం చవకంట, ఏమైనా తెచ్చినావా?" అని అడిగాడు. ఇంకొకాయన, నాయన స్నేహితుడే, అరవాయన, నాతో మాట్లాడటం మానేశాడు. ఒకడికి ఏమీ తెలీదు, ఇంకొకడికి తెలిసిందే ఎక్కువ. ఇద్దరికీ ఏం చెప్పాలి? మరుసటేడు మే 21న శ్రీపెరుంబుదూరులో, మా నగరికి అంత దూరం కూడా కాదు, రాజీవ్ గాంధీని పులులు చంపేశారు. ఆ తర్వాత లంక ఊసు నేనే ఎత్తలేదు. ఎందుకు మాట్లాడరంటే నాకు తెలిసిన జవాబు ఇదే. రహస్యాలేం కావు. వినేవాళ్ళు లేక మానుకున్నదే అలవాటయింది.

రాళ్ళ మీద పేర్లు మాత్రం ఉన్నాయి. మనకంటే ముందు కొలంబో పక్కన లంక ప్రభుత్వమే మనవాళ్ళకి స్తూపం కట్టింది. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలోనూ ఆపరేషన్ పవన్‌లో పోయినవాళ్ళ పేర్లు చెక్కారు.

మీ మేనమామగారిని "ఎంతమందిని చంపావు", "భయమేసిందా" లాంటివి అడక్కండి. ఏ యూనిట్టు, ఎక్కడ డ్యూటీ, లంగరులో ఏం పెట్టేవాళ్ళు, పక్క మంచం మీద ఎవరు పడుకునేవాళ్ళు, ఇవి అడగండి. పక్క మంచం మనిషి పేరు చెప్పాక మిగతాది ఆయనే చెప్తారు. చెప్పేటప్పుడు మధ్యలో ఆగితే తొందరపెట్టొద్దు. ఆయన ఒప్పుకుంటే ఢిల్లీ తీసుకెళ్ళండి, ఆ గోడ మీద ఆయన వెతికే పేరు ఒకటి ఉంటుంది. ఆయన ఉన్నది వవునియా, ట్రింకోమలీ వైపైతే ఇక్కడే రాయండి. అటు బండి నడిపినవాణ్ణే, ఆయనతో ఫోన్లో మాట్లాడతాను.