పెరటి కోళ్లు గుడ్లు మానేశాయా? టానిక్ సీసా కొనకముందు ఇది చూడండి

"ఆరు పెట్టలున్నాయి, నూకలు బాగానే వేస్తున్నాం, నెల నుంచి ఒక్క గుడ్డూ లేదు, ఏ టానిక్ పట్టాలి?" అని అడిగారు. ఏదీ వద్దు. అవి నిజంగా మానేశాయా, ఎక్కడో పెట్టి వస్తున్నాయా అన్నది ముందు తేల్చుకోండి.

చీకటి పడి గూట్లో సర్దుకున్నాక ఒక్కో పెట్టను పట్టుకోండి. తల వెనక్కి, తోక ముందుకు వచ్చేలా చంకలో ఇరికించుకుంటే కదలదు. తోక కింద, రెట్ట వేసే ద్వారానికి అటూ ఇటూ రెండు సన్నటి ఎముకల మొనలు వేళ్లకు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పట్టి, ద్వారం వెడల్పుగా, తడిగా ఉంటే ఆ పెట్ట గుడ్లు పెడుతున్నట్టే. ఒక్క వేలూ సరిగ్గా పట్టక, ద్వారం ముడుచుకుని పొడిగా ఉంటే మానేసినట్టు.

పెడుతుంటే గడ్డివాము, కట్టెల సందు వెతకండి. వారం పాటు పొద్దున పదకొండు దాకా గూట్లోనే ఉంచి, నీళ్లూ మేతా లోపలే పెట్టి, ఆ తర్వాత వదలండి.

మానేసిన పెట్టకు ఈకలు రాలుతుంటే రెండు మూడు నెలలు ఆగాల్సిందే. ఈకలు బాగున్నాయంటే నా అనుమానం మీ నూకల మీదే. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు, పెంకులో రెండు గ్రాముల కాల్షియం ఉంటాయి. నూకల్లో మాంసకృత్తులు తక్కువ, కాల్షియం దాదాపు లేదు. ఆ మేతతో కోడి కొవ్వు పడుతుంది తప్ప గుడ్డు పెట్టదు. పది కిలోల దాణాకు మొక్కజొన్న నూక ఆరు, తౌడు కిలోన్నర, వేరుశనగ చెక్క రెండు, ఉప్పు వేయని ఎండుచేపల పొడి అరకిలో కలపండి. చెక్కకు బూజు వాసన వస్తే పారేయండి, అది కాలేయాన్ని పాడుచేస్తుంది. బయట తిరిగే కోడికి సాయంత్రం గుప్పెడు చాలు. నలగ్గొట్టిన ఆల్చిప్పలు మాత్రం దాణాలో కలపకుండా వేరే చిప్పలో పెట్టండి, ఎంత కావాలో కోడే తింటుంది. మూడు నెలలకోసారి కడుపులో పురుగులు పోయే నట్టల మందు వేయండి.

నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటే అది జబ్బు కాదు. పిల్లలు వద్దనుకుంటే అడుగున కూడా జాలీ ఉన్న బోనులో, నేలకు ఎత్తుగా, గడ్డి పరవకుండా మూడు నాలుగు రోజులు ఉంచండి. కింద నుంచి గాలి ఆడితే పొదుగు వదులుతుంది, రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్డు మొదలవుతుంది. ముక్కులో ఈక గుచ్చే అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది, దయచేసి మానండి. కోడికి నొప్పి, పుండు తప్ప లాభం లేదు. ఇంకో మాట, సంతలో రంగు రంగుల పిల్లలన్నిటినీ నాటువని అమ్ముతున్నారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ లాంటివి సాధారణంగా పొదగవు. అవి మానేస్తే పొదుగు అనుకుని ఎదురుచూడొద్దు, మేతా వెలుతురూ చూడండి. డిసెంబరులో మన దగ్గర పగలు పదకొండు గంటలే, వాటికి పద్నాలుగు కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి గూట్లో చిన్న బల్బు వేయండి. సాయంత్రం వేసి ఒక్కసారిగా ఆర్పేస్తే చీకట్లో గూట్లో కూర్చునే కర్ర ఎక్కలేక కిందే ఉండిపోతాయి.

అన్నీ ఒక్కసారే మానేసి, పచ్చటి రెట్ట, గురక, మెడ వంకర కనిపిస్తే అది కొక్కెర తెగులు కావచ్చు. జబ్బువాటిని ఆ పూటే వేరుచేసి పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి.