ఏటి నీటితో పైరు నల్లబారి పడిపోతుంటే...

ప్రశ్న: వరికి ఏటి నుంచి మోటారుతో నీరు పెడుతున్నాం. ఎగువన పట్టణ మురుగు, ఓ ఫ్యాక్టరీ కాలువ కలుస్తాయి. పైరు నల్లగా ఏపుగా పెరిగి, ఈనాక పడిపోతోంది. తాలు ఎక్కువ. ఏం చేయాలి? ఈ నీరు గేదెలకు పెట్టవచ్చా?

జవాబు: మీరు చెప్పినవన్నీ నత్రజని మితిమీరితే కనిపించే లక్షణాలే. అది మురుగుతో వస్తోంది. లెక్క చూడండి. ఎకరానికి 5 సెం.మీ. తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు 20 మి.గ్రా. నత్రజని ఉందనుకుంటే తడికి 4 కిలోలు, అంటే దాదాపు 9 కిలోల యూరియా. పది తడులకు 87 కిలోలు! దానిపైన మీరు మళ్లీ యూరియా చల్లితే కాండం మెత్తబడి పడిపోక ఏమవుతుంది? దోమపోటు, అగ్గితెగులు కూడా అలాంటి పైరునే ముందు పడతాయి. ఇకపై ఆకురంగు పట్టికలో (ఆకుతో పోల్చి చూసే పచ్చ ఛాయల అంకెల పట్టీ) మీ రకానికి చెప్పిన అంకె కంటే రంగు తగ్గినప్పుడే యూరియా వేయండి. పొటాష్ మాత్రం మానొద్దు.

ఫ్యాక్టరీ నీటి సంగతి కంటితో తేలదు, పరీక్ష చేయించాల్సిందే. కాలువ కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి నమూనా తీయండి. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, ఒడ్డున కాకుండా పారే నీటిలో జానెడు లోతున ముంచండి. చాలాచోట్ల వ్యర్థాలు రాత్రిపూటే వదులుతారు కాబట్టి తెల్లవారుజామున కూడా ఓ జత తీయండి. రెండు చోట్ల ఫలితాల్లో తేడా ఉంటేనే కాలుష్య నియంత్రణ అధికారులకు మీరిచ్చే ఫిర్యాదుకు బలం.

పరీక్ష ఫలితాల్లో ఇ.సి. (నీటిలో కరిగిన ఉప్పును తెలిపే విద్యుత్ వాహకత) 3 డెసీసీమెన్స్/మీ. దాటితే ఆ నీరు పెట్టొద్దు. అంతకు తక్కువైతే మంచినీటితో కలిపి వాడుకోవచ్చు. ఆర్.ఎస్.సి. (నేలను చౌడుగా మార్చే మిగులు సోడియం కార్బొనేట్) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే, తగ్గించాల్సిన ప్రతి ఒక్క యూనిట్‌కు ఎకరా తడికి 17 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. కాడ్మియం అనే విషపూరిత లోహం లీటరుకు 0.01 మి.గ్రా. మించితే వేరే నీరు చూసుకోవాలి. మట్టిలో ఇప్పటికే చేరి ఉంటే ఆరుతడి పద్ధతి పనికిరాదు, పొలం ఆరినప్పుడే వరి దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అలాంటి పొలంలో ఆకుకూరలు అసలు వేయొద్దు. నీటిని గుంటలో రెండు రోజులు నిలిపితే మడ్డి, మురుగుతో వచ్చే కడుపు నులిపురుగుల గుడ్లు కొంత అడుగుకు దిగుతాయి గానీ, కరిగిన ఉప్పు తగ్గదు.

గేదెలకు ఈ నీరు వద్దు. పైన పచ్చ రంగు పూసినట్టు తెట్టు కట్టిన రోజుల్లో ఏట్లోకి కూడా దించకండి. ఆ నాచులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం వదులుతాయి, ఒంటికి అంటిన తెట్టును నాకినా ప్రమాదమే.