వైండింగు మళ్ళీ కట్టించే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. షెడ్డు బాగుంది. కిటికీ ఉత్తరం వైపు పెట్టావు కాబట్టి పగలు లైటు వెయ్యకుండానే పని చేసుకోవచ్చు. ఏ కంపెనీ డ్రిల్లింగ్ మిషను కొనాలి, ఎన్ని పానాలు కావాలి అని నాలుగు పేజీలు రాశావు. ఈ పంటలో బోరు మోటరు రెండుసార్లు కాలిందన్న సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను.

కాలిన మోటరుకి వైండింగు (లోపలి రాగి తీగ చుట్లు) కట్టించి బోరులో దించావు, మళ్ళీ కాలింది. దాన్ని కాల్చిన కారణం నీ పొలంలోనే ఉండిపోయింది కాబట్టి ఎన్నిసార్లు కట్టించినా ఇంతే. ఆటోనగర్‌లో వైండింగు షాపులో ఉన్నన్నాళ్ళూ చూశాను, మా దగ్గరకొచ్చే మోటర్లలో చాలావాటికి అంతకుముందు ఎవరో ఒకసారి కట్టిన గుర్తులు ఉండేవి. ఎందుకు కాలిందని అడిగిన రైతులు తక్కువ. అడక్కపోతే కట్టేవాడు తనంతట తాను చెప్పడు, వాడి బేరం వాడిది.

ఈసారి మోటరు విప్పేటప్పుడు పక్కనే ఉండు. పాత కాయిల్స్ పీకేయకముందే స్టేటర్ (కాయిల్స్ ఉండే, తిరగని భాగం) ఫొటో తీసుకో. కాలిన తీరు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మూడు ఫేజుల (మోటరుకొచ్చే మూడు కరెంటు తీగల) కాయిల్స్ మూడు గుంపులుగా ఉంటాయి. స్టార్ కనెక్షన్ (మూడు గుంపుల కొసలూ ఒకేచోట కలిపిన) మోటర్లో రెండు గుంపులు మాడిపోయి మూడోది రంగు కూడా మారకుండా ఉంటే ఒక ఫేజు పోయి, మిగతా రెండింటి మీదే మోటరు తిరిగిందని అర్థం. అదే డెల్టా (గుంపులను త్రికోణంలా ఒకదానికొకటి కలిపినది) అయితే ఒక్క గుంపే మాడుతుంది. మూడూ సమానంగా మాడితే లోడు ఎక్కువైనా అయి ఉండాలి, లో వోల్టేజీ అయినా ఉండాలి, లేదా పంపు ఇసుక పట్టి బిగుసుకుని ఉండాలి. ఎక్కడో ఒకేచోట కాలి బొక్క పడితే అక్కడ తీగ మీది ఇన్సులేషన్ దెబ్బతిందన్నమాట. మొన్న కట్టిన మోటరే అలా కాలితే కట్టినవాడిని నిలదీయొచ్చు.

నువ్వు పంపిన వాటిలో కాలిన మోటరు ఫొటో కాస్త మసగ్గా ఉంది. కానీ ఒక గుంపు బాగానే ఉన్నట్టు నాకు కనిపిస్తోంది. నా అనుమానం ఫేజు మీదే.

మోటరు ఆగి ఉన్నప్పుడు ఫేజు పోతే స్విచ్ నొక్కినా తిరగదు, గుయ్యిమని మూలుగుతుంది. అది నీకు వినిపిస్తుంది, ఆపేస్తావు. తిరుగుతుండగా పోతేనే ప్రమాదం. మోటరు ఆగదు, నీళ్ళు కూడా వస్తూనే ఉంటాయి. మిగిలిన రెండు ఫేజులు ఇంచుమించు ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు లాగుతాయి. రిలే (కరెంటు ఎక్కువైతే మోటరును ఆపేసేది) సరిగ్గా లేకపోతే కొద్దిసేపట్లోనే పని అయిపోతుంది.

ఫేజు ఎక్కడ పోతోందో వెతకడానికి టెస్టర్ పనికిరాదు. అది వెలిగితే ఏదో కరెంటు ఉందని తప్ప ఎంత ఉందో చెప్పదు. మీటరుతో ఒక్కో జత ఫేజుల మధ్య చూడు, మూడు జతల్లోనూ 415 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఇందులో ఒక తిరకాసు ఉంది, బాగా గుర్తుపెట్టుకో. మోటరు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, ఆ పోయిన ఫేజులో మోటరే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. మీటరులో అంకె కాస్త తక్కువగా కనిపిస్తుంది, లో వోల్టేజీలే అనుకుని వదిలేస్తావు. అందుకే నడిచే మోటరుకి వోల్టులతో పాటు ఆంపియర్లు కూడా చూడాలి. క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టిస్తే ఆంపియర్లు చూపేది) తీసుకుని మూడు తీగలకూ విడివిడిగా పెట్టు. 5 హెచ్‌పీ బోరు మోటరు సుమారు 7 నుంచి 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. సరైన అంకె నేమ్‌ప్లేటు మీద ఉంటుంది. మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి సున్నా అయితే ఇంక చెప్పేదేముంది. ఒకటి మాత్రం బాగా ఎక్కువుంటే తప్పు లైనుదా మోటరుదా అన్నది తేలాలి.

అది తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మెయిన్ ఆపేసి, స్టార్టర్ నుంచి మోటరుకు వెళ్ళే మూడు తీగలనూ ఒక్కో స్థానం ముందుకు జరుపు. మొదటిది రెండో చోటికి, రెండోది మూడో చోటికి, మూడోది మొదటి చోటికి. మూడూ జరిపితే మోటరు తిరిగే దిక్కు మారదు. మళ్ళీ నడిపి చూడు. ఎక్కువ ఆంపియర్లు మోటరు తీగతో పాటే జరిగితే లోపం మోటర్లోనో కేబుల్లోనో ఉంది. పాత ఫేజు మీదే ఉండిపోతే కరెంటు సరఫరాలో ఉంది. ఈ పనికి పది నిమిషాలు కూడా పట్టదు, కానీ మోటరు పైకి లాగించే కూలీ మొత్తం మిగులుతుంది.

లోపం సరఫరాలో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నువ్వు వెళ్ళొద్దు. ఊళ్ళో అందరూ ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చే లైనును తెంపే స్విచ్) లాగేసి ఫ్యూజు వేసుకుంటున్నారని నాకూ తెలుసు. ఆ స్విచ్‌కి మూడు బ్లేళ్ళుంటాయి. తుప్పు పట్టి ఒక బ్లేడు ఊడకుండా ఉండిపోతే కిందనుంచి నీకు తెలియదు. అది 11 వేల వోల్టుల లైను. ప్రతి ఏటా పేపర్లో చదివే చావుల్లో కొన్ని ఇవే. లైన్‌మన్ రేపు వస్తానంటే రేపటిదాకా ఆగు, చేను ఒక్కరోజుకు ఎండిపోదు.

నీ వైపు చూడాల్సింది స్టార్టర్. మెయిన్ ఆపి మూత తీసి కాంటాక్టులు (కరెంటును కలిపే బిళ్ళలు) చూడు. మూడింట్లో ఒకటి గుంటలు పడి నల్లగా ఉంటే ఫేజు అక్కడే పోతోంది. గరుకు కాగితం పెట్టి రుద్దకు, పైనున్న వెండి పూత పోతుంది. కాంటాక్టుల కిట్టు విడిగా దొరుకుతుంది, మూడూ ఒకేసారి మార్చు. తర్వాత రిలే. మాటిమాటికి ట్రిప్ అవుతోందని రిలేని తప్పించి డైరెక్ట్ చేశారేమో చూడు. జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటరు విరగ్గొట్టినట్టుంటుంది ఆ పని. రిలే డయల్ నేమ్‌ప్లేటు ఆంపియర్ల దగ్గరే ఉండాలి, చివరికంటా తిప్పి ఉంటే రిలే ఉన్నా లేనట్టే. దాంతోపాటు ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఒకటి పెట్టించు. ఒకసారి వైండింగు కట్టించిన డబ్బులో చిన్న వంతు కూడా కాదు.

ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటరును తనంతట తానే వేసేది) ఉంటే తీసేయ్. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులకు మరీ మరీ చెప్పింది, గుర్తుందా? దానికి తగిన కారణం ఉంది. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటరు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజీ దబ్బున పడిపోతుంది, ఎవరి మోటరూ సరిగ్గా లేవదు. వోల్టేజీ 415 నుంచి 340కి పడితే మోటరు తిప్పే బలం మూడింట రెండు వంతులకు తగ్గిపోతుంది. నువ్వు పక్కన లేనప్పుడు ఇదంతా జరిగితే ఆపేవాడెవడు?

ఇంకో చిన్న సంగతి. పైన లైన్ల పని చేశాక నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే మోటరు ఉల్టా తిరుగుతోందేమో చూడు. ఏవైనా రెండు ఫేజులు మార్చి వేస్తే సరిపోతుంది.

ఇక షెడ్డు సంగతి. డ్రిల్లింగ్ మిషను పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని రాశావు, దాన్ని తేలిగ్గా తీసుకోకు. వర్షాకాలంలో తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడితే ఆ జిల్లే ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు) ఉన్నాయిగా అంటావు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి కరెంటు పారాలి, మనిషి చావడానికి అందులో నూరో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. కరెంటు మనిషిలోంచి నేలకు పారితే వెంటనే పడిపోయే స్విచ్చు అది. 30 మిల్లీ ఆంపియర్లది తీసుకుని షెడ్డు మొత్తానికీ పెట్టించు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడు. నొక్కినా పడకపోతే అది చచ్చిందని లెక్క.

ఎర్త్ కూడా విడిగా తీయించు. గొయ్యి తీసి జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నింపుతారు. వేసవిలో అప్పుడప్పుడు ఆ గుంటలో నీళ్ళు పొయ్యాలి, ఎండిన నేల కరెంటును తీసుకోదు. కొందరు సాకెట్లో ఎర్త్ పిన్నును తీసుకెళ్ళి న్యూట్రల్‌కి కలిపేస్తారు. నీ షెడ్డు వైరింగు చేసినవాడు ఆ పని చేశాడేమో విప్పి చూడు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే మిషను బాడీ మొత్తం ఫేజు అయి కూర్చుంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను పొడుగ్గా, లావుగా పెట్టింది మిగతా రెండిటికంటే ముందు ఎర్త్ తగలాలనే. దాన్ని కోసేసి రెండు పిన్నుల బోర్డులో గుచ్చే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించు. మీ నాన్నకు ఉంది, నాకు తెలుసు.

సాకెట్లో రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతూ ఏ వస్తువూ పనిచెయ్యకపోతే న్యూట్రల్ తెగిందని అనుమానించు. ఇంట్లో కొన్ని బల్బులు మినుక్కుమంటూ, కొన్ని మరీ తెల్లగా మండుతుంటే ఆలోచించకుండా మెయిన్ ఆపెయ్. మూడు ఫేజుల సర్వీసులో న్యూట్రల్ వదులైతే 230 రావాల్సిన చోట 300 దాటి వస్తుంది. ఫ్రిజ్జు, టీవీ ఒకేసారి పోతాయి.

కొనాల్సిన వాటికి నా వరస ఇది: ముందు క్లాంప్ మీటరు, తర్వాత బెంచి వైస్, ఆ తర్వాతే డ్రిల్లు. పెట్టెలో వంద ముక్కలొచ్చే సెట్టు జోలికి పోకు, అందులో నీకు పనికొచ్చేవి పది. బైకుకి 8, 10, 12, 14, 17 సైజుల రింగు పానాలుంటే ముప్పాతిక పని అయిపోతుంది, వాటిని మాత్రం మంచివి కొను. చవక పానా నట్టు మూలలు అరగదీస్తుంది, ఆ తర్వాత ఏ పానాకూ ఆ నట్టు లొంగదు. చేతి గ్రైండరుకి గార్డు ఊడదీయకు. బిళ్ళ పగిలితే ముక్కలు ముఖానికే వస్తాయి. గ్రైండరు, డ్రిల్లు వాడేటప్పుడు వదులు చొక్కా, మెడలో తువ్వాలు వద్దు.

సిరీస్ లాంపు నువ్వే చేసుకో. 100 వాట్ల పాత రకం బల్బు ఒకటి ఫేజు తీగ మధ్యలో వచ్చేలా బిగించి, చివర ఒక సాకెట్ పెట్టు. అనుమానం ఉన్న వస్తువు ఏదైనా ముందు అందులో గుచ్చు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది అంతే, ఫీజు పోదు, మంట రాదు. మిక్సీ పెట్టినప్పుడు బల్బు అసలు వెలగకపోతే ఎక్కడో తెగింది. విప్పకముందు మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి చూడు. మీ అమ్మ మిక్సీ ‘చచ్చిపోయింది’ అన్నప్పుడల్లా అదే. అదీ కాకపోతే కార్బన్ బ్రష్షులు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే కెపాసిటర్ చూడాలి, చాలా సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది. పాతదాని మీద ఏ అంకె ఉంటే కొత్తది అదే వెయ్యి. గాలి ఎక్కువొస్తుందని పెద్దది వేస్తే వైండింగు వేడెక్కుతుంది.

నాన్న బైకు మూడు నెలలుగా స్టార్టు కావడం లేదన్నావు. ఇంజిన్ విప్పిద్దామని కూడా రాశావు, వద్దు. ముందు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ చూడు (నవ్వకు, దీని కోసమే బండి తోసుకుంటూ వచ్చినవాళ్ళు ఉన్నారు). తర్వాత ప్లగ్గు విప్పు. పది కిక్కులు కొట్టాక కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ఇన్నాళ్ళు నిలబెట్టిన కార్బొరేటర్ బండి కాబట్టి జెట్టు (పెట్రోలు వెళ్ళే సన్నని కన్నం ముక్క) పూడుకుని ఉంటుంది. కార్బొరేటర్ అడుగున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పాత పెట్రోలు వదిలెయ్, కొత్త పెట్రోలు పోసి చూడు. అప్పటికీ కాకపోతే జెట్టు విప్పి గాలి కొట్టించు. జెట్టులో సూది గుచ్చొద్దు, కన్నం పెద్దదవుతుంది. ప్లగ్గు తడిగా ఉంటే నిప్పు రావడం లేదేమో చూడాలి. ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని లోహం ఇంజిన్‌కి తాకిస్తూ, ప్లగ్గు కన్నానికి దూరంగా పట్టుకుని కిక్ కొట్టు. పెట్రోలు ఒలికిన గుడ్డ దగ్గర్లో ఉండకూడదు.

బండి నడిచాక ప్లగ్గు రంగు మళ్ళీ చూడు. లేత గోధుమ రంగైతే మంచిది. పొడి మసి పడితే ముందు ఎయిర్ ఫిల్టర్ దులుపు. నల్లగా జిడ్డుగా ఉండి, సైలెన్సర్ నీలం పొగ వదులుతుంటే ఆయిల్ మండుతోంది. ఇంజిన్ విప్పే మాట అప్పుడు ఆలోచిద్దాం. ప్లగ్గు తిరిగి బిగించేటప్పుడు మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే తిప్పు. హెడ్డు అల్యూమినియం, మరలు పాడైతే ఖర్చు పెద్దది.

నీ కొత్త బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6ది (కొత్త పొగ నిబంధనల బండి), కార్బొరేటర్ లేనిది కాబట్టి దానికి ఈ లెక్కలు కుదరవు. తాళం తిప్పగానే పెట్రోలు పంపు సన్నగా ‘జుయ్’మనాలి, అది వినిపించకపోతే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడు. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5 వోల్టుల పైన ఉండాలి, ఇంజిన్ కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా నెలలో అదీ పోతుంది, ఛార్జింగ్ వైపు చూపించు.

ఏది విప్పినా తీగలు పీకేముందు ఫోనులో ఫొటో తీసుకో. మా రోజుల్లో సిగరెట్ పెట్టె అట్ట మీద గీసుకునేవాళ్ళం.

మోటరును ఇప్పుడే వైండింగుకి పంపకు. స్టార్టర్ మూత తీసి కాంటాక్టులవి, రిలే డయల్‌వి ఫొటోలు వెలుతురులో తీసి పంపు. పక్క పొలం మోటరు కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదుంది కదా, వాళ్ళనడిగి నడుస్తుండగా దాని మూడు తీగల ఆంపియర్లు, మూడు జతల వోల్టులు రాసి పంపు. పొద్దున ఒకసారి, అందరూ మోటర్లు వేసిన వేళ ఒకసారి. అవి చూశాక మిగతాది ఫోనులో మాట్లాడదాం. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య